మూడో పిలుపు

ఆమె ముఖం కన్నా ముందు నాకు ఆమె గొంతు పరిచయం.

"ప్రయాణికులకు గమనిక. నాలుగో ప్లాట్‌ఫామ్ మీదున్న బస్సు బయల్దేరబోతోంది. ఇది మూడో పిలుపు, ఆఖరి పిలుపు."

అది నేనెక్కాల్సిన బస్సే. నేనేమో బస్‌స్టాండ్ నీళ్లగదిలో కుళాయికి వాషర్ మారుస్తున్నాను. పైపుల పనివాణ్ణి, కారే కుళాయి కంటపడితే కాలు కదలదు. చెయ్యి తుడుచుకుని బయటికొచ్చేసరికి బస్సు పొగ మాత్రం మిగిలింది. తిన్నగా అనౌన్స్‌మెంట్ గదికి వెళ్లాను.

"ఇంకోసారి పిలిస్తే మీ సొమ్మేం పోయేదండీ?"

ఆమె మైకు కట్టేసి నన్ను పైనుంచి కిందికి చూసింది. "మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి బతిమాలడానికి మీరేమన్నా అలిగిన అల్లుడుగారా?"

"కుళాయి బాగు చేస్తున్నానండీ."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు. కారుతోంది."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. పదకొండు నెలల తర్వాత మా పెళ్లయింది.

ఇంట్లోనూ అదే వరస. వంటింటి గుమ్మంలో నిలబడి, గరిటె మైకులా పట్టుకుని, "భర్తగారికి గమనిక. కంచంలో భోజనం చల్లారిపోతోంది. ఇది మొదటి పిలుపు" అనేది. నేను మూడోదానికి లేచేవాణ్ణి. "పోనీ రెండోదానికైనా లేవరా, సోంబేరీ" అని అమ్మ తిట్టేది. లేవలేదు. మూడోది ఎలాగూ ఉంటుందన్న ధీమా.

కొండ మీది లాడ్జికి వెళ్లడం మూడేళ్లకు గానీ కుదరలేదు. స్పా కూడా ఉందని తెగ మురిసిపోయింది. "స్పా అంటే ఏం చేస్తారు?" అనడిగాను. "ఒంటికి నూనె రాసి పడుకోబెడతారు. పానా పట్టుకోనివ్వరు. అందుకే తీసుకెళ్తున్నా" అంది.

కొండదారి మలుపుల్లో అసలు సంగతి చెప్పింది.

"హెడ్డాఫీసు వాళ్లు అడుగుతున్నారు. అన్ని బస్‌స్టాండ్లకీ నా గొంతే రికార్డు చేస్తారట. మూడేళ్లు అక్కడే ఉండాలి. రేపు సాయంత్రం ఐదింటికల్లా జవాబు చెప్పాలి. నువ్వేమంటావ్?"

రెండు మలుపులు తిరక్కముందే నా జవాబు తయారైంది. నేనూ వస్తాను. కుళాయిలు కారని ఊరెక్కడుంది? కానీ అడగ్గానే చెప్పేస్తే మజా ఏముంది? "రేపు లాడ్జి వెనక కొలను దగ్గర చెప్తాలే" అని ఊరించాను. ఆ ఊరింపే నా కొంప ముంచింది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం స్పాలో వాళ్లిచ్చిన తెల్లటి అంగీలు వేసుకుని వేణ్ణీళ్ల తొట్టెలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. కిటికీ అద్దం మీద వాన సన్నగా గీతలు గీస్తోంది. ఆమె తల నా భుజం మీద వాల్చింది. నీళ్లు గోరువెచ్చనయ్యాయి. తర్వాత చల్లబడ్డాయి. లాడ్జి మేనేజరమ్మ చేతులు నలుపుకుంటూ వచ్చింది. బాయిలర్ ఆగిపోయిందట, మెకానిక్ కింది ఊరు నుంచి రావాలట.

నా వీపు నిటారైంది.

"లేవకు," అంది నా భార్య.

"ఐదు నిమిషాలు. వాల్వ్ అయ్యుంటుంది."

"నాలుగున్నరకి కొలను దగ్గర ఉంటా. గుర్తుందిగా?"

"ఎందుకుండదు?"

ఆ అంగీతోనే బాయిలర్ గదిలోకి దిగాను. వంటావిడ టార్చి పట్టుకుంది. వాల్వ్ కాదు, దాని వెనక పైపు. పైపు కాదు, దాని కింద బిగింపు. ఒకటి విప్పితే ఇంకోటి ఊడింది.

ఆఫీసు గదిలోంచి భోజనాలకి పిలిచే స్పీకర్ గరగరలాడింది.

"ఏడో నంబరు గది భర్తగారికి గమనిక. కొలను దగ్గర బెంచీ మీద మీ కోసం ఎదురుచూస్తున్నారు. ఇది మొదటి పిలుపు."

వంటావిడ నవ్వింది. "మీ ఆవిడేనా తమ్ముడూ?"

"అవునక్కా. సరదా మనిషి."

కాసేపటికి మళ్లీ గరగర. "ఏడో నంబరు గది భర్తగారు జవాబు తీసుకుని వెంటనే రావలసిందిగా కోరుతున్నాం. ఇది రెండో పిలుపు."

"ఈసారి గొంతు తేడాగా ఉంది, వెళ్లు తమ్ముడూ" అంది వంటావిడ.

"మా ఇంట్లో లెక్క మూడక్కా. మూడోదానికి లేస్తే చాలు."

పానా తిప్పుతూ చెవి అటే పడేశాను. స్పీకర్ పలకలేదు. ఇంకా టైముందన్నమాట అనుకున్నాను. బాయిలర్ గుప్పుమని వెలిగింది. మేనేజరమ్మ చప్పట్లు కొట్టింది. గోడ గడియారం చూస్తే ఐదూ ఇరవై.

మసి అంగీతో వానలో పరిగెత్తాను. ఆమె బెంచీ మీద తడుస్తూ కూర్చుని ఉంది. ఫోన్ ఒళ్లో బోర్లా పడుంది.

"మూడోసారి పిలవలేదేం?"

"ఈ ఒక్కసారైనా రెండోదానికే లేస్తావేమోనని చూశాను." కొలను వైపే చూస్తూ అంది. "వెళ్తానని చెప్పేశాను. ఒక్కదాన్నేనా అనడిగారు. ఒక్కదాన్నే అన్నాను."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. లాడ్జిలో అందరి కోసం అంత కష్టపడొస్తే ఇదా?

"ఇంతకీ నీ జవాబేంటి?" అనడిగింది.

అప్పటికీ మించిపోలేదు. ఒక్క మాట చాలు. నేనేమో, "ఇంక దాంతో పనేముంది?" అన్నాను.

ఆ సాయంత్రం లాడ్జిలో అందరికీ వేణ్ణీళ్లు వచ్చాయి. మా గదిలో కుళాయి ఎవరూ తిప్పలేదు.

ఆమె వెళ్లి ఎనిమిది నెలలైంది. ఫోన్లో దూరపు చుట్టాల్లా మాట్లాడుకుంటాం. తిన్నావా, తిన్నాను. వానలా, వానలే.

మొన్న మా బస్‌స్టాండ్ నీళ్లగదిలో మళ్లీ అదే కుళాయి కారుతోందంటే వెళ్లాను. వాషర్ చేతిలో ఉండగా పైనుంచి ఆమె గొంతు. కొత్త మిషన్ పెట్టారట. ఎక్కడా తడబాటు లేదు, నవ్వు లేదు. ఆమె ఉండే ఊరి బస్సునే పిలుస్తోంది. "ఇది మొదటి పిలుపు."

కుళాయి కారుతూనే ఉంది. పానా సంచీలో పడేసి పరిగెత్తాను.

"ఇంకా ఇరవై నిమిషాలుందయ్యా, టీ తాగి రా," అన్నాడు కండక్టరు.

"వద్దులే అన్నా," అని ఖాళీ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. దిగాక తలుపు తీస్తుందో లేదో తెలియదు. చెప్పాల్సిన మాట మాత్రం నోట్లో తయారుగా ఉంది, ఎనిమిది నెలల పాతది.

రెండో పిలుపు వచ్చింది. ఎవరెవరో ఎక్కారు.

చివరికి ఆ రోజు బాయిలర్ గదిలో చెవులు రిక్కించి ఎదురుచూసిన మూడోది కూడా వినపడింది. అప్పటికే నేను బస్సులో కూర్చుని ఉన్నాను.