లహరి చేతికి అందని గ్రహాలు

పొద్దున్నే లహరి గ్లాసులో పోయాల్సిన పాలు వంటగట్టు మీద పోసింది. మాలతి చెయ్యి పిల్ల వీపు మీద చెళ్లుమంది.

"ఎనిమిదేళ్లొచ్చాయి, గ్లాసెక్కడుందో తెలీదా నీకు? కళ్లు నెత్తికెక్కాయా?"

"దాన్ననీసి ఏటి లాభం? మీ పుట్టింటి మొద్దుతనం ఎక్కడికి పోద్ది!" అంది అత్తగారు చిన్నమ్మ, తాపీగా టీ ఊదుకుంటూ.

హిందీవాళ్ల ఊళ్లో, రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని ఆ క్వార్టర్లో రోజూ జరిగే భాగోతమే ఇది. అత్తను ఒక్క మాట అనలేని మాలతి, ఆ కసంతా కూతురి మీద తీర్చుకునేది. వర్క్‌షాపుకి బయలుదేరుతూ యుగంధర్ గుమ్మంలో ఆగాడు.

"ఇయ్యాల కూడా టీచరు దీనికి వంకలు పెట్టిందంటే అంతే, బొబ్బిలి పంపీడమే. మా అక్క దగ్గర పడుంటాది. పక్కా."

ఆ మాటంటేనే మాలతికి భయం. ఎంత కొట్టినా, తిట్టినా, పిల్ల కళ్లెదుటే ఉండాలి ఆమెకు.

ఆ రోజు బడిలో తల్లులకు కొత్త రకం సైన్సు పాఠం చూపిస్తున్నారు. కళ్లకు వీఆర్ పెట్టె తగిలించుకుంటే పిల్లల చుట్టూ గ్రహాలు తేలుతాయి. చెయ్యి చాచి పట్టుకుంటే ఆ గ్రహం తన సంగతులు చెబుతుంది. పిల్లలకు కనిపించేదంతా గోడ మీది టీవీలో పెద్దలకూ కనిపిస్తుంది. తరుణ్ అనే కుర్రాడు చటుక్కున శనిగ్రహాన్ని పట్టేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

లహరి చెయ్యి చాచింది. గ్రహానికి జానెడు ఇవతలే పిడికిలి మూసింది. మళ్లీ చాచింది, ఈసారి దాన్ని దాటిపోయింది. నాలుగోసారికి పిల్లలు గొల్లుమన్నారు. వెనకనుంచి ఎవరో "అరే, బేచారీ!" అన్నారు. ఆ జాలికి మాలతి ఒళ్లు మండిపోయింది. విసురుగా వెళ్లి, పెట్టె ఊడలాగి, అందరి ముందూ పిల్ల చెంప పగలగొట్టింది.

"నా పరువు తియ్యడానికే పుట్టావే!"

నళిని టీచరు పిల్లను తన వెనక్కు లాక్కుంది.

"ఏంటండీ ఇది? రెండు కళ్లూ కలిసి చూస్తేనే ఇందులో దూరం తెలిసేది. పాపకి ఒక కన్ను సరిగా కనపడట్లేదేమో!"

"మా పిల్లకి గుడ్డిదని పేరు పెడతారా? ఎవరు చేసుకుంటారు రేపు?" మాలతి అరిచింది.

టీచరు యుగంధర్‌కి ఫోన్ చేసి పిలిపించింది.

సాయంత్రం కళ్లాస్పత్రిలో డాక్టరు లహరి కుడికన్నుకు అట్టముక్క అడ్డంపెట్టి, "చదువు బేటా" అన్నాడు. లహరి చేతులు కట్టుకుని గడగడా అందుకుంది.

"ఈ... ఎఫ్, పీ... టీ, ఓ, జెడ్..."

"ఠహరో, ఆగాగు! నేనింకా తెర ఆన్ చెయ్యలేదే!"

ఆ అక్షరాలు ఎక్కడివో మాలతికి తెలుసు. మూడేళ్ల కిందట ఒకటో క్లాసులో చేర్చేముందు డిస్పెన్సరీలో కళ్ల పరీక్షప్పుడు పిల్ల ఎడమకన్నుతో చదవలేక తడుముకుంది. అత్త నోటికి జడిసి, సీటు పోతుందని భయపడి, తొడపాశాలు పెడుతూ ఆ అక్షరాలు బట్టీ పట్టించింది. మర్నాడు మళ్లీ తీసుకెళ్లి గెలిచినట్టే ఇంటికొచ్చింది. భర్తకి కూడా చెప్పలేదు.

"అప్పుడే వస్తే కన్ను చాలావరకు బాగుపడేది. ఇప్పుడు ప్రయత్నిద్దాం, మాట మాత్రం ఇవ్వలేను" అన్నాడు డాక్టరు.

"నేనే చేశానండీ. నా చేతుల్తో నేనే నేర్పాను." మాలతి భర్త చొక్కా పట్టుకుని ఏడ్చింది. "మొద్దుని నేను. దాన్నెక్కడికీ పంపకండి."

యుగంధర్ ఎక్కడికీ పంపనన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

మాలతి కూతురి వైపు చెయ్యి చాచింది. లహరి గబుక్కున చెంపకు అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తప్పు చెప్పానా అమ్మా? మళ్లీ మొదట్నించి చెప్తాను."

"వద్దమ్మా, వద్దు. కనపడకపోతే కనపడట్లేదని చెప్పు, నా తల్లీ."

లహరి చెంప మీది చెయ్యి తియ్యకుండానే తల్లి ముఖంలోకి అనుమానంగా చూసింది.

"అలా చెప్పొచ్చా అమ్మా? కొట్టవు కదా?"