చివర స్నానం చేసిన మనిషి

అది డిసెంబర్ ఇరవై రెండు, ఏడాది మొత్తంలో పొద్దు అన్నిటికన్నా తక్కువగా ఉండే పండగ రోజు. ఆ సాయంత్రం అత్తాకోడళ్ళిద్దరూ ఎర్ర గింజలు వేసి తియ్యగా ఉడికించిన గుమ్మడికాయ, సోయా ముద్దతో కాచిన మిసో పులుసు, వేడి అన్నం తిన్నారు. తొట్టెలో నాలుగు యుజు పండ్లు వేసి, ఆ నిమ్మవాసన నీళ్ళలో ఒకరి తర్వాత ఒకరు స్నానం చేశారు. తొమ్మిది గంటలకు ఊరి మైకు మోగింది. "ఈ రాత్రి మైనస్ పదమూడు. గడ్డకట్టి చీలిపోకుండా, పడుకునే ముందు గొట్టాల్లో నీళ్ళు దించెయ్యండి." మిసావో తొట్టె ఖాళీ చేసింది. నడవ చివర ఉన్న పిడిని కిర్రుకిర్రుమని తిప్పి, కుళాయిలన్నీ వదిలేసింది. గొట్టాల్లోని నీళ్ళు గుడగుడమని నేలలోకి దిగిపోయిన చప్పుడు విని మరీ పడుకుంది. విని మరీ పడుకుంది! ఆ సంగతి తర్వాత ఎవ్వరికీ చెప్పలేదు...

మర్నాడు సాయంత్రం ఊరగాయల కార్ఖానా నుంచి వచ్చి ఇంటి తలుపు జరిపేసరికి, లోపలినుంచి వాన కురుస్తున్న చప్పుడు! పైఅంతస్తులో గొట్టం చీలి నీళ్ళు కప్పు చెక్కలను కూలదోశాయి. నేలంతా పరిచిన తతామి గడ్డిచాపలు ఉబ్బి పడవల్లా పైకి లేచాయి. పెద్దల మందిరం ముందు ఉంచిన, చనిపోయిన భర్త మొరియో ఫోటో నీళ్ళలో బోర్లా పడి ఉంది. మిసావో వెనకే, వృద్ధుల కేంద్రం బండి దిగి వచ్చిన అత్తగారు హత్సునో గడప దగ్గర నిలబడి, ఎనభై ఒక్కేళ్ళ కళ్ళు చికిలించి చూసింది.

"మిసావో తల్లీ, మనింట్లోనే వాన పడుతోందేంటే?"

"ఏం లేదు అత్తయ్యా... మీరు చలిలో నిలబడకండి. పక్కింటివాళ్ళ దగ్గర కాసేపు కూర్చోండి!" అని ఆమెను పంపించి, మిసావో ఒంటరిగా ఇంట్లోకి వెళ్ళింది. అందరూ చేసేలా ముందు నీటి పిడి దగ్గరికో, ఫోటో దగ్గరికో పోలేదు. స్నానాల గదిలోకి పరుగెత్తింది. అక్కడ చూసినదాన్నంతా చేతులకు అందినంత వరకు మూటగట్టి, వంటింటి నేలకింద ఊరగాయ జాడీలు పెట్టే గూట్లో దాచి, ఆ తర్వాతే పిడి తిప్పింది.

మరునాడే మత్సుమోతో పట్నం నుంచి ఆడపడుచు ఇత్సుకో వచ్చింది. మొరియోకి అక్క. కోటు కూడా విప్పకుండా తడిచిన గదులన్నీ తిరిగింది. ఫోటోను చేతిలోకి తీసుకుని దాని అద్దాన్ని కోటు చేతితో తుడిచింది.

"రెండు చలికాలాలు కాలేదు వాడు పోయి... ఈ ఫోటోని కూడా నీళ్ళలో ముంచావా!"

"వదినా..."

"ఏం వదినా! నారింజ తోటల ఊళ్ళో, సముద్రం ఒడ్డున పుట్టావు. మీ ఊళ్ళో గొట్టాలు గడ్డకట్టవు కదా! పదహారేళ్ళ కాపురంలో ఒక్క పిడి తిప్పడం నేర్చుకోలేకపోయావు. మైకులో గొంతు చించుకుని చెప్తారే, వినపడలేదా?"

"మరిచిపోయాను వదినా. తప్పు నాదే."

ఇత్సుకో ఎదురుమాట కోసం సిద్ధపడి వచ్చిన మనిషి. అది రాకపోయేసరికి ఆమె కోపానికి కాలు ఆనలేదు. కొంచెం తగ్గి, కానీ మరింత గట్టిగా అంది. "ఇల్లు ఆరేదాకా ఆగుతాను. తర్వాత అమ్మని తీసుకుపోతాను. మా ఊళ్ళో వృద్ధాశ్రమంలో పేరు రాయించాను. నీకు పిల్లలు లేరు, నిన్ను ఇక్కడ కట్టేసేవాళ్ళూ లేరు. మీవాళ్ళ దగ్గరికి వెళ్ళు. ఈ ఇంటికి తాళం పెట్టేద్దాం."

మిసావో తల వంచుకుంది. ఈ లోకంలో ఆమెకు మిగిలింది ఆ ముసలి చెయ్యి ఒక్కటే... పొద్దున్నే చెప్పులు తొడిగించేటప్పుడు భుజం మీద ఆనే చెయ్యి! నిజం చెబితే తన తప్పు తగ్గుతుంది. కానీ ఆ నిజంతో అత్తయ్య మీద మతి తప్పిన మనిషని ముద్రపడుతుంది. అప్పుడు ఆశ్రమం రేపటిది కాదు, ఇవాళ్టిదే అవుతుంది. చెప్పకపోతే ఇల్లు పాడుచేసిన కోడలుగా తనే వెళ్ళిపోవాలి. ఎటు చూసినా తలుపు మూసే ఉంది!

అసలు సంగతి నిరుటి చలికాలంలో మొదలైంది. మొరియో ఊరి మంచు తోసే బండి నడిపేవాడు. నడిరాత్రి వెళ్ళి ఎప్పుడో వచ్చేవాడు. అందుకే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది: చివర స్నానం చేసినవాళ్ళే పిడి తిప్పాలి. తల్లి కొడుకుకోసం నీళ్ళు తెరిచి ఉంచి, బట్టలు మడిచి పెట్టి నిశ్చింతగా నిద్రపోయేది. ఒక తెల్లవారుజామున బండి లోయలోకి జారింది... ఆ తర్వాత ఎవరూ చివర స్నానం చేయలేదు. కానీ ఒక రాత్రి మిసావోకు మెలకువ వచ్చింది. కింద తొట్టెలో నీళ్ళు పడుతున్న చప్పుడు! మెట్లు దిగి వెళ్ళి చూస్తే ఆవిరి, తొట్టె పక్కన బుట్టలో మొరియో రాత్రి దుస్తులు. అప్పటికే అత్తగారు తన పక్కమీద హాయిగా నిద్రపోతోంది. ఆనాటినుంచి వారానికి రెండుమూడుసార్లు ఇదే తంతు. మిసావో లేచి, నీళ్ళు దించి, బట్టలు బీరువాలో పెట్టి పడుకునేది. పొద్దున అత్తగారు అడిగేది కాదు, ఈమె చెప్పేది కాదు.

ఇల్లు ఆరబెట్టే కొసుగి గారు నాలుగోరోజుకల్లా సగం ఇంటిని విప్పేశాడు. అరవై దాటిన మనిషి. తతామి చాపలను జంటజంటగా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టాడు. నేల చెక్కలు ఒక్కొక్కటీ ఊడదీసి వెనకవైపు సుద్దతో అంకెలు వేశాడు. రెండు సూదుల పరికరాన్ని గోడలకు గుచ్చి, అది చెప్పే అంకె చూసి, వైద్యుడిలా తలాడించేవాడు.

"ఇంకా పెద్ద హీటర్ పెట్టొచ్చు కదండీ! ఎన్నాళ్ళిలా?" అంది ఇత్సుకో.

"మట్టిగోడమ్మా ఇది. తొందరపెడితే పగుళ్ళిస్తుంది. అలాగని చలికి వదిలేస్తే లోపలి నీళ్ళు గడ్డకట్టి చెక్కని చీలుస్తాయి. గోరువెచ్చగా, నెమ్మదిగా ఆరనివ్వాలి." తర్వాత మిసావో వైపు తిరిగి, "మీరేం దిగులుపడకండమ్మా. మంచినీళ్ళే కదా, ఏటి బురద కాదు. చెక్క మరిచిపోతుంది," అన్నాడు. నాలుగు రోజుల్లో ఆమెతో మెత్తగా మాట్లాడినవాడు అతనొక్కడే. మిసావో వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం ఆమె పెరట్లో చాపల మీద మంచు దులుపుతోంది. కొసుగి గారు వంటింటి నేల కూడా విప్పుతాడని ఆమెకు తట్టనే లేదు! లోపలికి వచ్చేసరికి అతను గూట్లో గడ్డకట్టిన మూటను పొయ్యి ముందు కరగబెట్టి, అందులోవన్నీ వరసగా గుడ్డమీద పరిచాడు. నీలం రంగు రాత్రి దుస్తులు, తువ్వాలు, నాలుగు యుజు పండ్లు. గదంతా ఆ వాసనే... పండగనాటి వాసన!

ఇత్సుకో మోకాళ్ళమీద కూర్చుని ఆ దుస్తులనే చూస్తోంది. చొక్కా ఎడమ చెయ్యి లోపలికి మడిచి, మెడపట్టీలో తువ్వాలు దోపి ఉంది. చిన్నప్పుడు తనకూ తమ్ముడికీ ప్రతి సాయంత్రం బట్టలు అలాగే మడిచి ఉండేవి.

"ఇది నీ మడత కాదు. అమ్మది," అంది నెమ్మదిగా. "మిసావో... ఏంటిదంతా?"

మిసావో జవాబు చెప్పేలోగా పొయ్యి దగ్గర కునుకు తీస్తున్న హత్సునో లేచి వచ్చింది.

"అయ్యో, ఇవి ఇంకా ఇక్కడే ఉన్నాయేం? వాడు స్నానం చెయ్యలేదా?"

"ఎవరమ్మా?"

"ఎవరేంటే! మీ తమ్ముడు. పండగపూట పిల్లాడికి యుజు నీళ్ళు లేకపోతే ఎలా? నేనే తెరిచాను. పిడి సంగతి నాకెందుకు? చివర స్నానం చేసినవాళ్ళే తిప్పాలిగా!"

కొసుగి గారు పరికరం కింద పెట్టి, చప్పుడు కాకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఇత్సుకో తల్లి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో దాపరికం లేదు, దిగులు లేదు. చలిరాత్రి కొడుకు రావడం ఆలస్యమైతే తల్లి ముఖం ఎలా ఉంటుందో అలా ఉందంతే.

"నీకు తెలుసు," అంది ఇత్సుకో మరదలితో. "తెలిసీ నన్ను అన్ని మాటలు అననిచ్చావు! ఎందుకే?"

"అత్తయ్యని తీసుకుపోతారని... అదొక్కటే కాదు వదినా. తప్పు నిజంగా నాదే." మిసావో నేలమీద కూలబడింది. ఇన్నాళ్ళ మౌనమూ ఒక్కసారిగా తెగింది. "ఆ రాత్రి నాకు మెలకువ వచ్చింది. నీళ్ళ చప్పుడు విన్నాను! రోజూ లేచినట్టే లేవాలి. లేవలేదు. యుజు వాసన మెట్లెక్కి నా గదిదాకా వచ్చింది... ఆయన స్నానం చేస్తున్నట్టే ఉంది. అత్తయ్య అని తెలుసు, అయినా ఐదు నిమిషాలు ఆయనే అనుకుందాం అనిపించింది. ఇంట్లో ఒక మనిషి స్నానం చేస్తుంటే వింటూ పడుకోవడం ఎంత బాగుంటుందో మరిచిపోయాను వదినా! అలా వింటూ వింటూ నిద్రపోయాను. ఆయన పోయాక అంత గాఢంగా ఎప్పుడూ నిద్రపోలేదు. పొద్దున ఆలస్యంగా లేచి అటు తొంగిచూడకుండానే పనికి పరుగెత్తాను. అత్తయ్య నీళ్ళు తెరిచిన మొదటి రాత్రే ఆమెకు నిజం చెప్పి ఆపాల్సింది. నేనే చెప్పలేకపోయాను. ఆమె తెరుస్తుంటే... నాకూ ఆయన వస్తారేమో అన్నట్టుండేది!"

ఇత్సుకో ఏడ్చింది. తమ్ముడి అంత్యక్రియల్లో కూడా అందరికీ టీలు పోస్తూ ఏడవకుండా నిలబడిన మనిషి, ఆ తడి దుస్తులు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. హత్సునో ఇద్దరినీ చూసి, ఏం జరిగిందో తెలియక, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో యుజు పండు పెట్టి, "వాసన చూడండి. జలుబు చెయ్యదు," అంది.

కొత్త సంవత్సరం వెళ్ళిపోయింది. జనవరి నడిమిలో సూదుల పరికరం మంచి అంకె చూపించింది. చెక్కలు తమ అంకెల ప్రకారం తమ చోట్లకి వెళ్ళాయి. మందిరం పక్కన గోడమీద లేత గోధుమరంగు మరక మాత్రం మిగిలిపోయింది. కొసుగి గారు కొత్త పూత పూస్తానన్నాడు. ఆ మరక పైనుంచి కిందికి, ఒక మనిషి భుజం ఆనించి నిలబడినంత మేర ఉంది. "ఉండనివ్వండి," అంది మిసావో. ఇత్సుకో కూడా కాదనలేదు.

ఆ శనివారం రాత్రి ఇత్సుకో సంచితో సహా దిగింది. "ఆశ్రమంలో పేరు అలాగే ఉంది. ఎప్పుడో ఒకనాడు తప్పదేమో. కానీ ఈ చలికాలం వద్దు," అంది. "ప్రతి శనివారం నేను వస్తాను. ఆ రాత్రి నీళ్ళ చప్పుడు నేను వింటాను. నువ్వు నిద్రపో."

"మీకు గురక వదినా. ఏం వింటారు?"

"నోర్ముయ్!" అంటూనే ఇత్సుకో నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాన్నాళ్ళయింది.

తొమ్మిదికి మైకు మోగింది. మైనస్ పదకొండు. ముగ్గురూ నడవలోకి వచ్చారు. ఇత్సుకో పిడిమీద చెయ్యి వేయగానే హత్సునో ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆగవే! వాడింకా రాలేదు."

ఇత్సుకో చెయ్యి ఆగిపోయింది. మిసావోకు లేడని చెప్పడానికి నోరు రాలేదు. వస్తాడని చెప్పడానికి మనసు రాలేదు. మెల్లగా లోపలికి వెళ్ళి, ఆ రోజే కొసుగి గారు తిరిగి తెచ్చిచ్చిన ఫోటోను పట్టుకొచ్చింది. అద్దానికి అతుక్కుపోయినదాన్ని అతను చిరగకుండా విడదీసి, కాగితాల మధ్య పెట్టి మూడు వారాలు ఆరబెట్టాడు. ముఖం చెక్కుచెదరలేదు. జుట్టు మీద, నుదుటి మీద మాత్రం నీటి మరక నల్లగా నిలిచిపోయింది.

హత్సునో ఫోటోను దీపం కిందికి పట్టి చాలాసేపు చూసింది. వేలితో ఆ జుట్టును తడిమింది.

"తల తడిగా ఉందే... చేశాడన్నమాట!"

మిసావో కన్నీళ్ళు జలజలా రాలాయి. "చేశారు అత్తయ్యా. నేను విన్నాను."

"మరింకేం, తిప్పండి," అంది ముసలావిడ. ఇత్సుకో, మిసావో ఇద్దరి చేతులూ ఒకేసారి పిడిమీద పడ్డాయి. కిర్రుకిర్రు... గొట్టాల్లో నీళ్ళు పైనుంచి కిందిదాకా గుడగుడమంటూ నేలలోకి దిగిపోయాయి. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా ముగ్గురూ కదలకుండా విన్నారు.

తర్వాత హత్సునో ఫోటోను కోడలి చేతికిచ్చి, నెమ్మదిగా స్నానాల గదివైపు నడిచింది. లోపలికి ఒకసారి తొంగిచూసింది. తొట్టె ఖాళీగా, పొడిగా ఉంది. దీపం ఆర్పి, రెండు చేతులతో తలుపు చప్పుడు కాకుండా జరిపి మూసింది.