సీడీ మీద బొట్టు

"ఈసారి నీ టార్గెట్ మనిషి కాదు సూరీ. ఒక హార్డ్ డిస్క్."

తిరుమలగిరిలో మిలిటరీ గోడ పక్కన ఆగిన వ్యాన్‌లో కూర్చుని డిపార్ట్‌మెంట్ చీఫ్ రామ్మోహనరావు ఈ మాట అనేసరికి టైమ్ పది దాటి అయిదు నిమిషాలు. మనిషికి తొందరెక్కువ. బ్రీఫింగ్ ఇస్తున్నప్పుడు వాచీ వంకే చూస్తాడు, ఎదుటివాడి ముఖం చూడడు.

ఏజెంట్ సూరి ఒళ్ళోని ఫైలు తెరిచాడు. మొదటి పేజీలో ఒక ఫోటో. బట్టతల, లావుపాటి కళ్ళజోడు, ఎవర్నీ ఏమీ అనలేని ముఖం.

"అమ్మిరాజు. మన రికార్డ్స్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యాడు. విదేశాల్లో మారుపేర్లతో ఉన్న మన పదకొండు మంది లిస్టు కొత్తగా తయారుచెయ్యమని మళ్ళీ పిలిచాం. ఆఫీసు కుర్చీలో కూర్చుంటే నడుం పట్టేస్తోందని ఆ పని ఇంటికి పట్టుకుపోయాడు."

"ఇంటికా?"

"వెస్ట్ మారేడ్‌పల్లి. సొంత కంప్యూటర్‌లో ఎక్కించాడు. ఫైలుకి తాళం వేశాడు, అంతమటుకు నయం. ఇప్పుడు ఓఎస్ పాతబడిందని అప్‌గ్రేడ్ చేయించుకుంటున్నాడు."

అది రెండు వేల రెండు. ఇంట్లో కంప్యూటర్ ఉందా అని అడిగే రోజులు పోయి, ఓఎస్ తొంభై ఎనిమిదేనా, ఎక్స్‌పీ వేయించారా అని అడిగే రోజులు వచ్చాయి. సికింద్రాబాద్‌లో ఇంకా తొంభై ఎనిమిదితో నెట్టుకొస్తున్నవాళ్ళు ఆ సంగతి నలుగురిలో ఎత్తడానికి నామోషీ పడేవారు. అమ్మిరాజు కూడా మనిషేగా.

"కొత్త సీడీ ఆయనకి ఎవరో స్నేహంగా ఇచ్చారు," అన్నాడు చీఫ్. "అసలుది కాదు, కాపీ. అందులో దొంగ ప్రోగ్రాం ఉంది. ఓఎస్‌తో పాటే అదీ ఎక్కుతుంది. ఇన్‌స్టాలేషన్ పూర్తయిన మరుక్షణం మోడెమ్ తనంతట తానే డయల్ చేస్తుంది. తాళం విరుగుతుంది, లిస్టు బయటికి పోతుంది. ఆ పదకొండు మందీ రేపటికి మిగలరు."

"కంప్యూటర్ ఎత్తుకొచ్చేస్తే సరిపోదా?"

"ముఠా మాయమైపోతుంది. నాకు ముఠా కావాలి. ఇన్‌స్టాల్ చెయ్యడానికి వాళ్ళు పంపిన మెకానిక్‌ని పొద్దున్నే స్టేషన్‌లో పట్టుకున్నాం. వాడి బదులు నువ్వు వెళ్తావు. సీడీ మార్చు. లోపల ఉండి చేయిస్తున్నది ఎవరో చూడు. సరిగ్గా పన్నెండుకి నీ దగ్గర్నుంచి సిగ్నల్ రాకపోతే మేం తలుపు తోసుకుని వస్తాం."

సూరి ఫైలు మూసి దిగబోయాడు. చీఫ్ మొదటిసారి వాచీ మీంచి తలెత్తాడు.

"ఇంకొకటి. లిస్టులో ఏడో పేరు దేవి. రూలు ప్రకారం ఈ పనికి నిన్ను పంపకూడదు. అందుకే పంపుతున్నాను."

దేవి సూరి అక్క. తండ్రి కన్నారావు ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి సంసారాన్ని సికింద్రాబాద్‌కి మార్చినప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు, ఆవిడకి పదిహేను. ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టేది ఆవిడే. రేడియోకి పెట్టింది, కుక్కరుకి పెట్టింది. తమ్ముడి కొత్త సైకిలుకి పెట్టడానికి చోటు దొరకలేదో ఏమో, సీటు మీద పెట్టింది. ఆ కుంకుమ తెల్ల నిక్కరుకి అంటుకుని బడి మొత్తం నవ్వింది. వారం రోజులు సూరి అక్కతో మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ కోపం వాడికి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నాలుగేళ్ళుగా అక్క ఏ దేశంలో ఉందో, ఏ పేరుతో ఉందో తెలియదు. ఆవిడ బతికుందన్న సంగతి ఈ రోజే తెలిసింది.

పదకొండు కావడానికి పది నిమిషాల ముందు మారేడ్‌పల్లిలో ఒక డాబా ఇంటి ముందు మెకానిక్ దిగాడు. అతికించిన మీసం, పార్క్‌లేన్ కంప్యూటర్ షాపు చొక్కా, భుజాన సంచి. సంచిలో మంచి సీడీ, పిడిలో ట్రాన్స్‌మిటర్ దాచిన స్క్రూడ్రైవర్. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి బెల్లు కొట్టాడు.

తలుపు తీసిన మనిషిని సూరి చూడగానే గుర్తుపట్టాడు. లేత ఆకుపచ్చ షిఫాన్ చీర, చెవులకి ముత్యాలు, ఏ ఏజెంటైనా రెండోసారి తిరిగి చూసే నవ్వు. యామిని. డిపార్ట్‌మెంట్ మనిషి. పోయిన వారమే ఇద్దరూ క్యాంటీన్‌లో ఒకే టేబుల్ దగ్గర టీ తాగారు.

గొంతు మార్చి, పట్టుబడ్డ మెకానిక్ దగ్గర రాబట్టిన కోడ్ చెప్పాడు. "ర్యామ్ ఎంతున్నది మేడమ్?"

"నూట ఇరవై ఎనిమిది. ఎంతున్నా చాలడం లేదు."

కోడ్ సరిపోయింది. అంటే ముఠాకి లోపలి మనిషి యామినే.

కంప్యూటర్ వెనక గదిలో ఉంది. ఫోన్ ప్లగ్ ఆ గదిలోనే ఉంది మరి. మంచం మీద అమ్మిరాజు తల్లి కామేశ్వరమ్మ గిన్నె పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. డెబ్భై అయిదేళ్ళుంటాయి, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"మా అబ్బాయి యాప్రాల్‌లో పెళ్ళికెళ్ళాడు బాబూ. అమ్మాయి దగ్గరుండి చూసుకుంటానంది. కూచో, కాఫీ తాగుతావా?"

"వద్దు అమ్మమ్మా. జెర పని షురూ చేస్తా."

యామిని గది తలుపు గడియ పెట్టి, వాడి పక్కకి వంగి గుసగుసగా అంది.

"చెప్పులు వాకిలివైపు తిప్పి విడిచావు సూరీ. వెంటనే పారిపోవడానికి వీలుగా. ట్రైనింగ్‌లో మనిద్దరికీ నేర్పింది అదేగా? మెకానిక్ ఎవడైనా అలా విడుస్తాడా?"

సూరి కదల్లేదు. ఆమె చేతిలో ఒక వారపత్రిక ఉంది. దాని కింద పిస్టల్ ఉంది. గొట్టం సూరివైపు లేదు. మంచంవైపు ఉంది.

"నా మనిషి రాలేదు. ఈ సీడీ ఎక్కించడం నాకు రాదు, నీకు వచ్చు. నీవాళ్ళు పన్నెండుకి తలుపు తోస్తారు, ఆ రూలు నాకూ తెలుసు. పదకొండు యాభైకి అయిపోవాలి."

స్క్రూడ్రైవర్ తీసుకుని కిటికీలోంచి పక్క సందులోకి విసిరింది. మంచి సీడీని ఒంటిచేత్తో బల్ల అంచుకి వేసి విరిచింది.

"ఏవిటే అది, ఫెళ్ళుమంది?" అంది కామేశ్వరమ్మ.

"పాడైపోయిన సీడీ మామ్మగారూ," అంది యామిని తియ్యగా.

కిటికీకి గ్రిల్లు. తలుపుకి గడియ. ఎదుట పిస్టల్, దాని ముందు ఏ పాపమూ తెలియని ముసలావిడ. ఇన్నేళ్ళ సర్వీసులో సూరి చాలా చోట్ల ఇరుక్కున్నాడు. కానీ అక్క చావుకి తన చేతులతోనే కీబోర్డు కొట్టవలసిన చోట ఎప్పుడూ ఇరుక్కోలేదు. భయం వేసింది. పచ్చిగా, చిన్నపిల్లాడికి వేసినట్టు వేసింది.

యామిని దొంగ సీడీ అందించింది. వాడు ట్రే తెరిచి అందులో పెట్టబోతుంటే వెనక నుంచి కేక వినబడింది.

"ఆగు బాబూ! కొత్త వస్తువు, బొట్టయినా పెట్టకుండా మొదలెట్టేస్తారా? మొన్న ఫ్రిజ్జుకి పెట్టకపోతే నాలుగు రోజులకే ఆగిపోయింది."

ఆవిడ అప్పటికే అలమరలోంచి పసుపు, కుంకుమ భరిణెలు తీసేసింది. యామిని విసుక్కుంది గానీ కాదనలేదు. కాదంటే ముసలావిడ అరుస్తుంది, పక్కింటివాళ్ళు వస్తారు.

"కానివ్వండి, త్వరగా."

సూరి సీడీని వెలుతురులోకి వంచి చూశాడు. కాపీ సీడీల మెరిసే వైపు, రాసిన మేర రంగు కొంచెం తేడాగా కనిపిస్తుంది. ఇది దాదాపు నిండుగా ఉంది. అంచు దగ్గర ఒక వేలు మందం మాత్రమే ఖాళీ. డ్రైవ్ సీడీని ఆ మెరిసే వైపునే, మధ్యనుంచి అంచుదాకా చదువుకుంటూ పోతుంది. అంటే అంచు దగ్గరిది చివర్లో వస్తుంది.

కామేశ్వరమ్మ పసుపు తడిపి, అక్షరాలున్న వైపు పెట్టబోయింది.

"అటు కాదు అమ్మమ్మా, మెరిసే దిక్కు పెట్టుండ్రి. గదే దాని ముఖం. అంచుకు ఒక వేలు ఇవతల."

యామినికి అయిదు భాషలు వచ్చు, నాలుగు రకాల పిస్టళ్ళు పేల్చడం వచ్చు. సీడీకి ముఖం ఎటుంటుందో ఆమెకి ఎవరూ నేర్పలేదు. కామేశ్వరమ్మ పసుపు అద్ది, మీద కుంకుమ దిద్ది, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది. మంత్రం లోపల చదువుకుందో ఏమో, అది ముగిసేలోగా పసుపు ఆరిపోయింది.

పదకొండుకి సెటప్ మొదలైంది.

సూరి చేతనైన ఆలస్యమంతా చేశాడు. పాతిక అక్షరాల కీ అడిగితే రెండుసార్లు తప్పు కొట్టాడు.

"మూడోసారి తప్పు పడిందా, ముసలావిడ ఉండదు," గుసగుసగా అంది యామిని పేజీ తిప్పుతూ.

మూడోసారి సరిగ్గా కొట్టాడు. మెషీన్ రీస్టార్ట్ అయింది. ఇంకా 39 నిమిషాలు అని చూపించింది. ఆకుపచ్చ గళ్ళు ఒక్కొక్కటే నిండుతున్నాయి. బయట కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు. గ్రిల్లుకి అయిదు అడుగుల దూరంలో మనుషులు ఉల్లిపాయలు బేరమాడుతున్నారు. వాళ్ళని పిలవడానికి సూరికి నోరు లేదు. చెమటకి మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. ఇంకా 22 నిమిషాలు. చిక్కుడుగింజలు గిన్నెలో టప్ టప్ మని పడుతున్నాయి.

"లిస్టులో మీ అక్క కూడా ఉందటగా," అంది యామిని మెల్లగా. "ఐ యామ్ సారీ. నిజంగానే."

సూరి తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ఆ బొట్టు ఇంతసేపటికి రాలిపోయి ఉంటే? ముసలావిడ చెయ్యి వణికి ఖాళీ జాగాలో పడి ఉంటే? ఇంకా 9 నిమిషాలు. ఇంకా 4. గోడ గడియారం పదకొండు నలభై ఆరు.

ఇంకా 1 నిమిషం.

డ్రైవ్ గుర్రుమంది. ఆగింది. మళ్ళీ గుర్రుమంది. తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది. ఫైలు చదవలేకపోతున్నాను, సీడీ శుభ్రం చేసి మళ్ళీ ప్రయత్నించండి అని దాని సారాంశం. ఇంగ్లీషులో అంత చక్కటి వాక్యం సూరి జన్మలో చదవలేదు.

"ఏం చేశావ్?" యామిని లేచింది.

"నీ ఎదురుగానే ఉన్నాగా. డిస్కు మురికైనట్టుంది, తుడిస్తే చాలు. ఇటివ్వు."

ఆమె ట్రే తెరిపించి సీడీ తీసి తిప్పింది. ఎర్రటి బొట్టు. అర్థమయ్యేసరికి ఆమె ముఖం కూడా అదే రంగుకి వచ్చింది.

"నువ్వు ముట్టుకోకు. గీత పెడతావ్. చేతులు కీబోర్డు మీద పెట్టి కూర్చో."

సూరి చేతులు కీబోర్డు మీద పెట్టాడు. వాడు లెక్కేసుకున్నది ఒకటే. సీడీ తుడవాలంటే రెండు చేతులు కావాలి. ఆమె నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, పత్రికతో సహా పిస్టల్‌ని మంచం మీద, తన పక్కనే పెట్టింది. నాలుగడుగులు. వాడు లేచేలోగా ఆమె దాన్ని అందుకుంటుంది. లెక్క తప్పింది.

ఆరిన పసుపు ఉత్త కొంగుతో రుద్దితే రాలేదు. యామిని కొంగు చివర నోట్లో పెట్టుకుని తడిపి బొట్టు మీద రుద్దింది.

చిక్కుడుకాయల గిన్నె నేలమీద పడి మోగింది.

"ఎంగిలి గుడ్డతో కుంకుమ చెరుపుతావుటే!" కామేశ్వరమ్మ రెండు చేతులతోనూ యామిని మణికట్టు పట్టేసుకుంది. "ఆడపిల్లవై ఉండి! నీ ఇంట్లో నీకెవరూ చెప్పలేదా?"

"వదలండి మామ్మగారూ!"

"చస్తే వదలను!"

అరవై ఏళ్ళు రోట్లో పప్పు రుబ్బిన చేతులు అవి. అయిదు భాషల యామిని వాటిని విడిపించుకునేలోగా సూరి నాలుగడుగులూ దూకేశాడు. పత్రిక ఎగిరిపడింది. పిస్టల్ వాడి చేతిలోకి వచ్చింది.

"కదలకు యామినీ." వాడు రెండో చేత్తో మోడెమ్ వైరు పీకేశాడు. "అమ్మమ్మా, ఆవిడని అలాగే పట్టుకోండి. ఇంకో పది నిమిషాలు, అంతే."

"పట్టుకుంటాన్లే. ముందు క్షమాపణ చెప్పమను." కామేశ్వరమ్మ వాడి వంక అనుమానంగా చూసింది. "ఇందాకటి దాకా ఇక్కడి యాసలో మాట్లాడావు కదయ్యా? ఆ మీసమేవిటి, అలా వేలాడుతోంది?"

సరిగ్గా పన్నెండుకి రామ్మోహనరావు మనుషులు వచ్చారు. తలుపు తొయ్యలేదు. కామేశ్వరమ్మ లోపల్నుంచే అందరిచేతా బూట్లు విప్పించింది. యామినిని వ్యాన్ ఎక్కించారు. ముఠాలో మిగతావాళ్ళ పేర్లు చెప్పడం ఆమె తిరుమలగిరి చేరకముందే మొదలుపెట్టింది. హార్డ్ డిస్క్ విప్పి డబ్బాలో పెట్టుకున్నారు. ఒంటిగంటకి పెళ్ళి భోజనం చేసి వచ్చిన అమ్మిరాజు, ఖాళీ డబ్బాలా తెరిచి ఉన్న కంప్యూటర్ ముందు నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, "అప్‌గ్రేడ్ అయిందా బాబూ?" అని అడిగాడు. ఆయనతో మాట్లాడవలసిన మాటలు చీఫ్ మాట్లాడాడు. అవి ఇక్కడ రాయడం మర్యాద కాదు.

వాకిట్లో సూరి చెప్పులు వేసుకుంటుంటే చీఫ్ పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఈసారి వాచీ చూడలేదు.

"ఇవాళ సాయంత్రం ఏడో నంబరుకి మన రొటీన్ మెసేజ్ వెళ్తుంది. చివర ఒక వాక్యం పట్టే చోటుంది. రూలు ప్రకారం నేను నిన్ను ఇది అడగలేదు. ఆవిడకి ఏమైనా చెప్పాలా?"

సూరి తన చూపుడువేలు వంక చూసుకున్నాడు. సీడీ తిప్పినప్పుడు అంటిన కుంకుమ ఇంకా ఉంది. దాన్ని తుడుచుకోవాలనిపించలేదు.

"ఆ సైకిలు సీటు విషయంలో ఇక కోపం లేదని చెప్పండి సార్."