పిట్టకన్ను

2087 నాటికి కర్నూలులో పెళ్లిచూపులకు వెళ్లినవాళ్లు అమ్మాయి ఏం చదివింది, అబ్బాయి ఏం చేస్తున్నాడు అని అడగడం మానేశారు. కాఫీ తాగి తిన్నగా పెరటివైపు నడిచి, "మీ పెరట్లోకి ఏమేం వస్తాయండీ?" అని అడిగేవాళ్లు. పిచ్చుకలు వస్తాయంటే ఒక మోస్తరు సంబంధం. గోరింకలంటే ఫర్వాలేదు. పిగిలిపిట్టల జంట గూడు పెట్టిందని చెప్పగలిగిన ఇంటివాళ్ల కాళ్లు ఇక నేల మీద ఆనేవి కావు.

మండుటెండల ఏళ్లలో పిట్టలు ఊళ్లు విడిచి పోయాయి. వాటిని వెనక్కి రప్పించాలని ప్రభుత్వం ప్రతి ఇంటికీ పెరడు ఉండాలని, అందులో ఈ నేలలో పుట్టిన మొక్కలే వేయాలని చట్టం చేసింది. ఎక్కడెక్కడినుంచో తెచ్చిన పూలమొక్కలు కంటికి బాగుంటాయి కానీ వాటి ఆకును మన పురుగు ముట్టదు. పురుగు దొరకని చోట ఏ పిట్టా పిల్లలను పెంచదు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి జనానికి ఒక తరం పట్టింది. తెలుసుకున్నాక ఊరుకున్నారా? దాన్నీ పోటీ చేసి కూర్చున్నారు.

ఆ పోటీలో ఓడిపోతున్నవాళ్లందరిలోకీ ఎక్కువ చదువుకున్నది డాక్టర్ హన్విక. ఆమె పక్షిదృష్టి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. ఊరంతా ఎదురుచూస్తున్న 'పిట్టకన్ను' ఆమె కనిపెట్టిందే.

పిట్టకన్ను ఆవగింజంత పరికరం. దాన్ని తుమ్మజిగురుతో పిట్ట మెడ వెనక ఈకకు అంటిస్తారు. ఈక రాలినప్పుడు అదీ రాలిపోతుంది, పిట్టకు ఏ హానీ లేదు. పిట్ట రెటీనా నుంచి మెదడుకు వెళ్లే నేత్రసంకేతాలను అది అందుకుని ఇంట్లో ఉన్న తెరకు పంపుతుంది. మనిషి కంటికి అందని అతినీలలోహిత కాంతిని కూడా మనకు తెలిసిన రంగుల్లోకి మార్చి చూపిస్తుంది. అంతకంటే గొప్ప సంగతి మరొకటి ఉంది. పిట్టకు ఏది నచ్చితే దాని చుట్టూ తెర మీద తేనెరంగు వెలుగు కమ్ముకుంటుంది. హన్విక దానికి 'ఇష్టకాంతి' అని పేరు పెట్టింది. దేన్ని చూసి పిట్ట బెదిరితే దాని చుట్టూ నల్లటి ఊదారంగు పరుచుకుంటుంది. అది 'భయచాయ'.

"భయచాయను ఆపేసినావంట?" అని అడిగారు కేంద్రం డైరెక్టర్ బషీర్, ఒకరోజు ఆమె గదిలోకి వచ్చి.

"ఆపేసినాను సార్. జనం వాళ్ల పెరట్లో పిట్టకు ఏం నచ్చిందో చూసి మురిసిపోదామని కొంటారు. ఏం నచ్చలేదో చూపిస్తే మన యంత్రాన్నే తిట్టుకుంటారు."

"సగం కన్ను చూపించి ఇదే కన్ను అంటే ఎట్లమ్మా?"

"ప్రదర్శన కానీండి సార్, తర్వాత చూద్దాం."

"ప్రదర్శన అంటే గుర్తొచ్చింది. మీ పెరట్లోనే కదా పెట్టుకున్నాం. పిట్టలు వస్తున్నాయా?"

హన్విక కంప్యూటర్ వైపు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నటించింది.

"రాకపోతే దిగులుపడొద్దు. మీ తోడికోడలి పెరడు నిండుగా ఉంటుందని విన్నాను. మధ్యలో ఒక్క గోడే కదా. అక్కడే పెట్టేద్దాం. 'తొలి పిట్టకన్ను పెరడు' అని శిలాఫలకం కూడా ఆ ఇంటికే బిగిద్దాం," అన్నారాయన ఎంతో మంచి మనసుతో.

హన్వికకు ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్లు రాత్రీ పగలూ పనిచేసింది తను. ఫలకం తోడికోడలు తన్మయి ఇంటికా?

ఉన్నమాట చెప్పుకోవాలంటే, తన్మయి అత్తవారింటికి చిన్నకోడలిగా వచ్చిన రోజునుంచీ హన్వికకు ఈ మంట ఉంది. హన్విక ఏళ్ల తరబడి వండిపెట్టినా కిక్కురుమనని బంధువులు తన్మయి ఒక్కపూట చేసిన బొరుగుల ఉగ్గాని గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె నవ్వితే వీధిలో వాళ్లు కూడా నవ్వుతారు. ఇప్పుడు పిట్టలు కూడా ఆమె వైపే చేరాయి. పోనీ తన్మయికి కుళ్లు లేదా అంటే, ఎందుకు లేదు? నలుగురూ హన్వికను 'డాక్టరమ్మ' అంటుంటే ఆమె పళ్లు నూరుకునేది. పెరట్లోకి పిగిలిపిట్టలు వచ్చాక ఆ కసి తీర్చుకోవడం మొదలుపెట్టింది.

"ఈ పొద్దు కూడా రాలేదా అక్కా?" అని గోడ అవతలినుంచి పలకరించేది. "మా వాటికి చెప్తాలే, అక్కావాళ్లింటికి కూడా ఒకసారి పోయి రండని."

ఆ మాటకు హన్విక నవ్వేది. నవ్వి లోపలికి వెళ్లి తలుపు గట్టిగా వేసుకునేది.

కేంద్రం అనుమతితో తన్మయి పెరట్లోని ఆడ పిగిలిపిట్టకు మొదటి పిట్టకన్ను అంటించారు. ఆ సాయంత్రమే హన్విక తెర ముందు కూర్చుంది. యంత్రానికి ఒక గొంతు కూడా అమర్చింది తను. కోపతాపాలు లేని గొంతు.

"ఇష్టకాంతి ఎక్కడ ఎక్కువగా ఉంది?"

"బలుసు పొద దగ్గర. తర్వాత రాలిన ఆకుల కుప్ప మీద. మట్టిమూకుడులో నీళ్ల మీద. ఎండిపోయిన కొమ్మ మీద."

"ఎండిన కొమ్మ మీద కూడానా?"

"అక్కడ వాలితే నాలుగు దిక్కులూ కనబడతాయి."

హన్విక మర్నాడే పని మొదలుపెట్టింది. బలుసు పొదలు తెచ్చి నాటింది. పిట్టలు గూడు దాచుకోవడానికి ముళ్ల పరికి కంప, తేనె కోసం అడ్డసరం, పళ్లకు కలివి మొక్కలు వేసింది. ఆకులను ఊడ్చేసే పనిమనిషిని కేకలేసి ఆపింది. చివరికి ఎండిపోయిన కొమ్మను కూడా ఎక్కడినుంచో లారీలో తెప్పించి పాతించింది. వీధివాళ్లు వాకిళ్లలో నిలబడి ఆ కొమ్మ ఊరేగింపును చూశారు.

వానలు పడ్డాయి. మొక్కలు చిగిర్చాయి. ఆకులకు బెజ్జాలు పడ్డాయి, పురుగులు కూడా వచ్చేశాయి. పిట్ట మాత్రం రాలేదు.

హన్వికకు అప్పటికే ఒక అలవాటు అయింది. గోడ పక్కన స్టూలు వేసుకుని, పొద్దున కాఫీతోనూ సాయంత్రం ఉత్తచేతులతోనూ దానిమీద ఎక్కి, గడ్డం గోడ మీద ఆనించి తన్మయి పెరట్లోకి చూసేది. రెప్ప వేయకుండా చూసేది. అవతల పిగిలిపిట్టలు నల్లటి జుట్టు ఎగరేసుకుంటూ, తోక కింద ఎర్రమచ్చ కనబడేలా కొమ్మకూ కొమ్మకూ దూకుతుంటే, తన సొత్తును ఎవరో అనుభవిస్తున్నట్టు ఆమెకు ఉండేది.

ఒకరోజు ఆ గోడ మీద, సరిగ్గా ఆమె గడ్డం ఆనించే చోట, బూడిద గుమ్మడికాయ ఒకటి వేలాడుతోంది. దానికి కళ్లు, కోరలు, నాలుక గీసి ఉన్నాయి.

"ఏంది తన్మయీ ఇది?"

"దిష్టికి కట్టినాలే అక్కా."

"ఎవరి దిష్టికి?"

"అయ్యో, నీకు కాదక్కా. దారిన పోయేవాళ్ల కళ్లు పడతాయని."

దారి ఇంటికి అటువైపు ఉంది. ఇటువైపు ఉన్నది హన్విక ఒక్కతే.

"ఇంత సైన్సు వచ్చినాక కూడా దిష్టి ఏందే? చూస్తే తగిలేదానికి చూపు ఏమన్నా రాయా?" అని హన్విక స్టూలు దిగింది. దిగిందే కానీ ఆ సాయంత్రం గుమ్మడికాయకు మూరెడు దూరంలో మళ్లీ ఎక్కింది.

ప్రదర్శనకు ఇక వారమే ఉంది. ఆమె తెర ముందు కూర్చుని గొంతు తగ్గించి అడిగింది.

"నా పెరట్లో ఇష్టకాంతి ఉందా?"

"ఉంది. పక్క పెరట్లో కంటే ఎక్కువ ఉంది."

"మరి ఎందుకు రాదు?"

"ఆ ప్రశ్నకు జవాబు చెప్పే భాగాన్ని మీరు ఆపేశారు."

తెలివైన మనిషి అక్కడితో ఆగి ఆ భాగాన్ని మళ్లీ తెరిచి ఉండేది. హన్విక తెలివికి తక్కువేమీ లేదు కానీ, కుళ్లు ముందు కూర్చుంటే తెలివి వెనక బెంచీకి పోతుంది. ఇంకేముంది, తన్మయే ఏదో చేస్తోంది అనుకుంది. ఎవరూ చూడనప్పుడు ఏ గింజలో చల్లుతోంది, ఏ మందో కలుపుతోంది. దొంగను పట్టుకోవాలని ఆ వారమంతా సెలవు పెట్టి స్టూలు మీదే గడిపింది.

హన్విక పట్టుబట్టడంతో ప్రదర్శన రోజు ఆమె పెరట్లోనే కుర్చీలు వేశారు. కేంద్రం వాళ్లు, పేటవాళ్లు వచ్చారు. తన్మయి పట్టుచీర కట్టుకుని ముందువరుసలో కూర్చుంది. ఇంటి గోడకు పెద్ద తెర బిగించారు. పెరట్లో ఒక్క పిట్టా లేదు. హన్విక మైకు పట్టుకుని పిట్టకన్ను గురించి చక్కగానే చెప్పింది. తెర మీద తన్మయి పెరడు తేనెరంగులో మెరిసిపోతుంటే అందరూ చప్పట్లు కొట్టారు.

"అంతా బాగుంది," అన్నారు బషీర్ లేచి. "ఇంత మంచి పెరడు పక్కనే ఉండగా పిట్ట ఇటు ఎందుకు రాదో కూడా చూద్దాం. నువ్వు ఆపిన భాగం తెరుస్తున్నాను హన్వికా." ఆమె వద్దనేలోపే ఆయన తెరిచేశారు.

అంతకుముందు రోజు రికార్డు తెర మీదికి వచ్చింది. పిట్ట తల తిప్పింది. బలుసు పొద, నీళ్ల మూకుడు, గోడ. గోడకు ఇవతల హన్విక పెరడు. దాన్ని చూసి జనం అబ్బురపడ్డారు. ఆకు ఆకూ తేనెరంగులో వెలిగిపోతోంది. పిట్ట ఒకటికి నాలుగుసార్లు ఇటే చూసింది, రెక్కలు కూడా విప్పింది. అంతలో చూపు గోడ మీదికి జరిగింది.

గోడ మీద గుమ్మడికాయ ఉంది. దాని చుట్టూ ఏ నీడా లేదు, పిట్ట దాన్ని లెక్కే చేయలేదు. దాని పక్కన మాత్రం నల్లటి ఊదారంగు తెర సగం కమ్మేసింది. ఆ నలుపు మధ్యలో రెండు కళ్లు. వాటి కింద గోడ మీద ఆనించిన గడ్డం.

"భయం," అంది యంత్రం. "వేటజంతువు. రెండు కళ్లూ ముందుకే ఉన్నాయి. చూపు కదలడం లేదు. ఉదయం ఉంది. సాయంత్రం ఉంది. ఈ వారం రోజంతా ఉంది."

వెనకవరుసలో ఎవరో ఒకాయన దగ్గు వచ్చినట్టు నటించాడు. హన్వికకు భూమి బద్దలై తనను మింగేస్తే బాగుండనిపించింది.

బషీర్ మెల్లగా వివరించారు. "పిట్టకు కళ్లు పక్కలకు ఉంటాయి. పిల్లికి, డేగకు ముందుకు ఉంటాయి, మనకూ అంతే. అట్లాంటి కళ్లు కదలకుండా చూస్తున్నాయంటే దూకబోతున్నాయని దాని లెక్క. గోడకు అటువైపు పొదల్లో దాక్కోవడానికి చోటుంది. ఇటు రావాలంటే ఆ కళ్ల ముందునుంచే రావాలి. ఆకలితో చూస్తున్నారా, అసూయతో చూస్తున్నారా అనేది పాపం దానికి తెలియదు."

"దీన్నే మేము దిష్టి అంటాం సార్," అంది తన్మయి ఎంతో వినయంగా.

"ఫలకం ఇప్పుడే వద్దు," అన్నారు బషీర్. "ఏ పెరట్లో పిల్లలు ఎగిరితే ఆ ఇంటికి బిగిద్దాం."

ఆ రోజునుంచి హన్విక పెరటివైపు కిటికీలు మూసేసింది. పరదాలు దించింది. స్టూలును అటక మీదికి ఎక్కించింది. పెరట్లోకి అడుగుపెట్టలేదు, గోడవైపు తలెత్తలేదు. కోపంతోనే అయినా పట్టు సడలించలేదు. వారం తిరక్కుండానే పిగిలిపిట్టల జంట గోడ దాటి వచ్చింది. పరికి కంపలో పుల్లలు, సాలెగూడు దారాలు అల్లి గిన్నెలాంటి గూడు కట్టింది. ఎర్రచుక్కల గుడ్లు పెట్టింది. ఇదంతా హన్విక చీకటి గదిలో తెర మీద చూసింది. తన పెరడు పిట్ట కంటికి ఎంత అందంగా ఉందో చూసుకుని ఏడ్చింది కూడా.

నాలుగు రోజులు ఆ ఆనందం బాగానే ఉంది. ఐదోరోజుకు ఏదో వెలితి మొదలైంది. వచ్చిన పిట్టలను తను చూస్తోంది సరే, తనకు వచ్చాయని ఎవరు చూస్తున్నారు?

ఆ సాయంత్రం పిట్ట గుడ్ల మీద కూర్చుని తల తిప్పింది. తెర మూలన ఊదారంగు పరుచుకుంది. గోడకు అటువైపునుంచి ఒక తల లేచింది. గుమ్మడికాయ పక్కన, రెప్ప వేయని రెండు కళ్లు. అవి తన్మయివి.

"భయం," అంది యంత్రం. "పెరుగుతోంది. తల్లి గూడు వదిలేయవచ్చు. గుడ్లు చల్లబడతాయి. గోడ దగ్గరున్న మనిషిని పక్కకు జరగమని చెప్పండి."

హన్విక గబుక్కున లేచింది. తలుపు గడియ మీద చెయ్యి వేసింది. 'తన్మయీ, లోపలికి పో' అని ఒక్క కేక వేస్తే చాలు. గుడ్లు దక్కుతాయి, పిల్లలు ఎగురుతాయి, ఫలకం ఈ ఇంటికే వస్తుంది.

గడియ తీయబోతూ ఒక్కసారి తెరవైపు చూసింది. ఆ కళ్లలో మంట ఆమెకు బాగా తెలిసినదే. ఇన్నేళ్లూ అది తనకే ఉందనుకుంది. వీధివీధినీ నవ్వించే తన్మయి ఇప్పుడు గోడ అవతల స్టూలెక్కి, నోరెండిపోయి, ఇవతలి పెరట్లోకి చూస్తోంది. 'డాక్టరమ్మ' అన్న పిలుపులో, ప్రదర్శననాటి చప్పట్లలో, చివరికి ఆ గుడ్లలో కూడా దొరకని చల్లదనం హన్విక ఒంట్లోకి దిగింది.

ఆమె గడియ వదిలేసి వచ్చి కూర్చుంది.

"ఆ మనిషిని జరగమని చెప్పారా?" అని అడిగింది యంత్రం.

"బొమ్మను అక్కడే ఆపు," అంది హన్విక. "ఆ కళ్లను పెద్దవి చేసి చూపించు."

యంత్రం చెప్పినట్టే చేసింది. తెర నిండా తన్మయి కళ్లు నిలిచిపోయాయి. హన్విక కుర్చీ దగ్గరకు లాక్కుని హాయిగా వెనక్కి వాలి చూస్తూ ఉండిపోయింది. బయట పరికి కంపలో రెక్కలు టపటపమన్నాయి. పిట్ట గూడు వదిలి ఎగిరిపోయిన సంగతి ఆగిపోయిన బొమ్మలో కనబడదు.