బైనాక్యులర్స్ కొనని వేటగాడు

"దూరం కొలవాలంటే ముందు కొలవడానికి ఏదో ఒకటి కనపడాలి కదండీ" అంది కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి.

నేను షాపులోకి అడుగుపెట్టి అప్పటికి నాలుగు నిమిషాలయింది. రేంజ్‌ఫైండర్ చూపించమని అడిగాను. అంతే. సలహా అడగలేదు.

"నాకు బాగానే కనపడుతుంది. కళ్లున్నాయి" అన్నాను.

"కళ్లు ఆవులకు కూడా ఉంటాయి. కొండమీద ఎల్క్ మంద ఎక్కడుందో అవి చెప్పవుగా."

పక్కన చేపల గాలాలు చూస్తున్న పెద్దాయన కిసుక్కున నవ్వాడు. నా ముఖం కందగడ్డలా అయిందని నాకే తెలుస్తోంది.

తొమ్మిదేళ్లు వరసగా వేట పర్మిట్ల లాటరీకి దరఖాస్తు పెడితే, ఈ ఏడాది పైకొండల్లో మగ ఎల్క్‌ను వేటాడే పర్మిట్ నాకు తగిలింది. గుర్రమంత దుప్పి. ఒక్కటి దొరికిందంటే శీతాకాలమంతా ఇంట్లో మాంసానికి లోటుండదు. మళ్లీ ఇలాంటి పర్మిట్ నా జన్మలో వస్తుందో రాదో తెలియదు. గుర్రాలకు నాడాలు కొట్టి బతికేవాణ్ని. చేతిలో ఉన్నది బైనాక్యులర్స్‌కో రేంజ్‌ఫైండర్‌కో ఏదో ఒకదానికే సరిపోతుంది. బటన్ నొక్కితే ఎదురుగా ఉన్నది ఎన్ని గజాల దూరంలో ఉందో చెప్పే ఆ బుల్లి యంత్రం మీద నాకు మనసు పడింది.

"దూరం తప్పు లెక్కేస్తే గుండు గురి తప్పుతుంది. జంతువు గాయంతో పారిపోతుంది. అది పాపం కాదా?" అని నిలదీశాను.

"పాపమే" అంది ఆమె వెంటనే. "కానీ మీరు ఎల్క్‌ను చూసేలోపు అది మిమ్మల్ని నాలుగుసార్లు చూసి, మీరు తిన్న బర్గర్ వాసన పట్టి, పక్క జిల్లాకు వెళ్లిపోతుంది. ఇక దూరం కొలిచి ఏం చేస్తారు? రోజుకు పది గంటలు చూడటం, పది సెకన్లు కొలవడం. వేటంటే అదీ."

"చూడ్డానికి రైఫిల్ మీద గురి చూసే స్కోప్ ఉందిగా. దాంతోనే చూసుకుంటాను."

ఆమె నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"ఆ మాట ఈ షాపులో ఇంకోసారి అనకండి. స్కోప్‌లోంచి దేన్ని చూస్తే తుపాకీ దానివైపే తిరుగుతుంది. చూసేది మనిషైతే?"

"ఊరికే అన్నాను" అని నాలుక కరుచుకున్నాను. కానీ పంతం పంతమే. రేంజ్‌ఫైండరే కొన్నాను. బిల్లు మీద పేరు రాస్తూ "కోల్టర్ గారూ, శుభం. ఎల్క్ కనపడితే మాకు కూడా చెప్పండి, వచ్చి చూస్తాం" అంది. ఆమె పేరు మారెన్ అని చొక్కా మీద కుట్టి ఉంది. అంత చిన్న అక్షరాలు నాకు ఆ దూరం నుంచి ఎలా కనపడ్డాయో మరి.

వారం తిరక్కుండా బూటు లేసులకని మళ్లీ వెళ్లాను. ఆ తర్వాత గ్లవ్స్. ఆ తర్వాత మళ్లీ లేసులు.

"నీకెన్ని కాళ్లు?" అనడిగింది మారెన్ మూడోసారి. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరం గమనించలేదు.

ఆ రోజు వాన. సెప్టెంబరులో మా దగ్గర వాన పడటమే అరుదు, అది కూడా సగం మంచుతో. షాపులో ఎవరూ లేరు. వాళ్ల నాన్న ఆర్లిస్ వెనక గదిలో జీనులకు నూనె పట్టిస్తున్నాడు. నేను గొప్ప చూపించుకోవడానికి రేంజ్‌ఫైండర్ తీసి, అద్దంలోంచి ఎదుటి కాఫీ హోటల్‌ను కొలిచాను.

"నలభై ఒక్క గజాలు" అన్నాను గర్వంగా.

"సరే. ఆ కిటికీ దగ్గర ఎవరు కూర్చున్నారు?"

"ఎవరో పెద్దావిడ."

"థెల్డా పిన్ని. యాపిల్ కేకు తింటోంది, డాక్టర్ వద్దన్నాడు కాబట్టి తలుపుకి వీపు పెట్టి తింటోంది. కుర్చీ కింద కుక్క. కుక్కకి కూడా వాటా ఉంది" అంటూ తన బైనాక్యులర్స్ నా మెడలో వేసింది. "చూడటమంటే వెతకడం కాదు కోల్టర్. కదలకుండా కూర్చుని, పుస్తకం చదివినట్టు ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి చదవాలి. తొందరపడితే ఏదీ కనపడదు."

నేను చదివాను. ముందు పిన్ని, తర్వాత కుక్క, తర్వాత అద్దం మీద జారుతున్న వాన. బైనాక్యులర్స్ దించాక, రెండడుగుల దూరంలో మారెన్. బుగ్గ మీద నూనె మరక, ఒక కనుబొమ్మ రెండోదానికన్నా కాస్త పైకి. ఏ యంత్రమూ లేకుండా ఆమెను ఎంతసేపైనా చదవగలననిపించింది. నేను ఆమెను ప్రేమిస్తున్నానని నాకు ఆ నిమిషంలో తెలిసింది. ఆ మాట చెప్పే బదులు ఇంకో జత లేసులు కొనుక్కుని వచ్చేశాను.

అక్టోబరు ఒకటిన వేట మొదలు. తెల్లారేసరికి కొండ మీదున్నాను. సేజ్ పొదల మీద మంచు తెల్లగా పేరుకుంది. లోయ అవతల ఆస్పెన్ చెట్లు పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. మూడు గంటలు కూర్చున్నాను. వట్టి కళ్లతో ఆ కొండ కొండలాగే కనపడింది.

అప్పుడు ఆస్పెన్ల మధ్య లేత గోధుమరంగులో ఏదో కదిలింది.

రేంజ్‌ఫైండర్ తీసి బటన్ నొక్కాను. ముప్పై ఏడు అంది. ఎదురుగా ఊగుతున్న గడ్డిపరకను కొలిచిందన్నమాట. కాస్త లేచి మళ్లీ నొక్కాను. నాలుగు వందల పన్నెండు. సరే, ఎంత దూరమో తెలిసింది. అదేమిటో మాత్రం తెలియలేదు.

తొమ్మిదేళ్లు ఎదురుచూసినవాణ్ని. చెయ్యి దానంతటదే రైఫిల్ మీదికి వెళ్లింది. తప్పని తెలుసు. వేట లైసెన్సు కోసం చిన్నప్పుడు కూర్చున్న క్లాసులో మొదటి రోజే నేర్పిన పాఠం అది. లోపల గుండు లేదు కదా, ఒక్కసారి చూసి దించేద్దాం అనుకున్నాను. రైఫిల్ భుజానికి ఆనించి స్కోప్‌లోంచి చూశాను.

గోధుమరంగు గుర్రం. దాని పక్కన గులాబీరంగు టోపీ. టోపీ కింద బైనాక్యులర్స్, అవి సూటిగా నావైపే ఉన్నాయి.

మారెన్.

రైఫిల్ నేలమీద పెట్టి లేచి నిలబడ్డాను. లోయ దిగి, ఎక్కి ఆమె నా దగ్గరికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ నేను చేతులు వేలాడేసుకుని అలాగే నిలబడ్డాను.

వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"లోడ్ చేసి ఉందా?"

"లేదు. ఒట్టు. చూడు, ఖాళీయే" అని బోల్ట్ లాగి, గుండు పెట్టే చోటు చూపించాను.

"నాకెలా తెలుస్తుంది కోల్టర్?" అంది. "అటువైపు నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి."

నేను రైఫిల్‌ను మళ్లీ నేలమీద పెట్టాను.

"గ్లవ్స్ చేతికున్నాయా, ఎంత దూరం నడిచొచ్చావ్ అని, నిన్నే చూస్తున్నాను. చెయ్యి ఊపుదామనుకున్నాను. ఇంతలో నువ్వు తుపాకీ ఎత్తావ్." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇక షాపుకి రాకు."

వెళ్లిపోయింది. నేను కూడా ఆ రోజు వేట చాలించి ఇంటికొచ్చేశాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రాసిన మెసేజ్‌కి జవాబు లేదు. రాత్రి అన్నం ముందు కూర్చుంటే మెతుకు దిగలేదు. ఎల్క్ పోతే పోయింది. ఆమె ఇక నన్ను ఎప్పుడు చూసినా ఆ తుపాకీ గొట్టమే గుర్తొస్తుందన్న ఊహ నన్ను నిలవనివ్వలేదు.

ఆర్లిస్, మారెన్ ఇద్దరూ వేటకొచ్చే బయటివాళ్లను కొండలకు తీసుకెళ్తుంటారు. అందుకని రోజూ తెల్లవారుజామున ఎత్తయిన ఓ గట్టు మీద కూర్చుని, మందలు ఎటు కదులుతున్నాయో చూసుకుంటారు. ఆ సంగతి మారెనే చెప్పింది. షాపుకి రావద్దంది గాని, కొండెక్కొద్దనలేదు కదా. రైఫిల్ ఇంట్లోనే పెట్టి, ఆ గట్టుకి ఎదురుగా ఉన్న బోడికొండ ఎక్కాను. జేబులో రేంజ్‌ఫైండర్ తప్ప ఇంకేమీ లేదు.

గట్టు మీద ఒక టోపీ చుక్క కనపడింది. కొలిచాను. తొమ్మిది వందల నలభై గజాలు. ఆ టోపీ కింద ఎవరున్నారో చెప్పే బటన్ మాత్రం లేదు. కానీ ఇంకెవరుంటారు?

లేచి నిలబడి, టోపీ తీసి, గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాను. రెండు చేతులూ చాచి చూపించాను, తుపాకీ లేదని. చుక్క కదల్లేదు. ఎండెక్కేదాకా కూర్చుని దిగొచ్చాను.

రెండో రోజూ అంతే. మూడో రోజుకి బాగా మంచు కురిసింది. కొండవాలు మీద కాళ్లతో తొక్కి, ఒక్కో అక్షరం గుర్రమంత ఉండేలా 'సారీ' అని రాశాను. అది చాలదనిపించింది. కింద, సిగ్గు విడిచి, 'నువ్వంటే ప్రాణం' అని కూడా తొక్కాను. చెమటతో చొక్కా తడిసిపోయింది. పర్మిట్‌లో రోజులు ఒక్కొక్కటే కరిగిపోతున్నాయి. ఎందుకోగాని ఆ బాధ అనిపించలేదు.

నాలుగో రోజు నేను గట్టుకేసి తల వంచి నిలబడి ఉండగా వెనక నుంచి గొంతు వినపడింది.

"నీ వెనక, ఎడమచేతివైపు రెండు వందల గజాల్లో ముప్పై ఎల్క్‌లు మేస్తున్నాయి. నువ్వు వాటికి వీపు పెట్టి కొండకి వంగుతున్నావ్."

తిరిగి చూస్తే మారెన్. నిజంగానే, చెట్ల అంచున ముప్పై ఎల్క్‌లు తాపీగా గడ్డి తింటున్నాయి.

"నువ్వు ఇక్కడుంటే" అన్నాను తడబడుతూ, "ఆ గట్టు మీద ఎవరు?"

"మా నాన్న."

"ఇవాళ మీ నాన్నా?"

"ఇవాళా, నిన్నా, మొన్నా, అటుమొన్నా. నాకు ఆ రోజు తర్వాత కొండెక్కబుద్ధి కాలేదు. ఆయనే వెళ్తున్నాడు. ఆయనది నారింజరంగు టోపీ." మారెన్ పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోవడానికి. "మొదటి రోజు ఇంటికొచ్చి, 'తల్లీ, ఆ నాడాలు కొట్టే కుర్రాడు నన్ను చూసి టోపీ తీశాడు, మర్యాదస్థుడు' అన్నాడు. రెండో రోజు, 'ఇవాళ కూడా తీశాడు, ఒంట్లో బాగున్నట్టు లేదు' అన్నాడు. నిన్నొచ్చి కాఫీ కూడా తాగకుండా కూర్చున్నాడు. 'అమ్మలూ, వాడికి నేనంటే ప్రాణమట' అన్నాడు."

మంచులో ఏదైనా గొయ్యి ఉంటే దూకేసేవాణ్ని.

"అంత పెద్దక్షరాలు... ఆయన చదివేశారా?"

"బైనాక్యులర్స్‌తో. మా నాన్న అన్నీ చదువుతాడు. 'సారీ దేనికి తల్లీ?' అనడిగాడు. అప్పుడు చెప్పాల్సొచ్చింది, మొత్తం."

"ఏమన్నారు?"

"కాఫీ పక్కకి జరిపాడు. తర్వాత, 'తుపాకీ ఖాళీ అయినా తప్పు తప్పే. క్షమిస్తావో లేదో నీ ఇష్టం, నేను మధ్యలోకి రాను. కానీ తొమ్మిదేళ్లకి పర్మిట్ తగిలినవాడు రైఫిల్ ఇంట్లో పెట్టి కొండెక్కి కూర్చోవడం నేనింతవరకూ చూడలేదు. నిజంగానే అనుకుంటా' అన్నాడు."

"నిజమే మారెన్. అక్షరాలు రాసింది మీ నాన్నకి కాదు."

"అంతవరకు అర్థమైందిలే" అంది.

ఇద్దరం నవ్వాం. ఎల్క్‌లు తలలెత్తి చూసి, మళ్లీ మేతలో పడ్డాయి. నవ్వు తగ్గాక ఆమె గ్లవ్స్ సవరించుకుంది.

"ఆ తుపాకీ నాకు ఇంకా కలలో వస్తోంది" అంది మెల్లగా. "రావట్లేదని అనలేను."

"అనొద్దు. నువ్వు ఎన్నాళ్లు కోప్పడినా నేను ఉంటాను. నేను నిన్ను ప్రేమిస్తున్నాను. సెప్టెంబరు వాన రోజు నుంచి. అసలు అన్ని లేసులు ఎవడైనా కొంటాడా?"

"నాకు రెండో జత అప్పుడే అనుమానం వచ్చింది. మూడో జతకి నాకు నువ్వు నచ్చావ్" అంది మారెన్. ఆమె బుగ్గలు చలికి ఎరుపెక్కాయో, ఇంకెందుకో. "రేపు రైఫిల్ తీసుకురా. చూడటం నా పని, కొలవడం నీ పని. నీ పర్మిట్ పాడవకూడదు."

"సరే."

"పైకెళ్లే దారి ఇరుకు. ఒకరి వెనక ఒకరం నడవాలి." టోపీ కిందికి లాక్కుంది. "నేను ముందు నడుస్తాను."

మా ప్రాంతంలో తుపాకీ ఉన్న మనిషి మీద అనుమానముంటే అతన్నే ముందు నడవమంటారు. అంతా చిరునవ్వుతో, మర్యాదగానే. ఆమె అన్నది నాకు సరిగ్గా వినపడిందా అని ఆమె ముఖంలోకి చూశాను. వినపడింది.

మర్నాడు తెల్లవారాక బయల్దేరాం. గుండ్లు నా జేబులో, బోల్ట్ ఆమె చూస్తుండగా తెరిచి, రైఫిల్ గొట్టం ఆకాశానికి పెట్టి భుజాన వేసుకున్నాను. ఆస్పెన్ల మధ్య సన్నటి దారి. నాలుగడుగుల ముందు గులాబీరంగు టోపీ. గట్టు మీద ఆర్లిస్ ఉండే ఉంటాడు, అన్నీ చదువుతూ.

అమ్మాయి వెనక్కి తిరిగి చూస్తే ప్రేమించినట్టేనని స్నేహితులు చెబితే విన్నాను. నేను ఆ గంటసేపూ ఆమె జడనే చూస్తూ నడిచాను. మారెన్ చెట్లను చూసింది, వాలును చూసింది, గాలి ఎటు వీస్తోందో చూసింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.