పెడలు మీద కాలు

శంకరరావు కారు బ్రేకు మళ్ళీ మెత్తబడిందని కబురొస్తే, లోకో షెడ్డులో డ్యూటీ దిగిన పోలయ్య అటునుంచటే తోర్వా పేటలో ఆయన బంగళా వైపు నడిచాడు. బిలాస్‌పూర్ అంతా ముసురు పట్టి ఉంది. యుద్ధం రోజులు, పెట్రోలు దొరకడమే గగనం. అయినా కంట్రాక్టరు శంకరరావు కారెక్కడం మానలేదు. ఆయనకి కారంటే ప్రాణం. దాన్ని నడిపేవాడి ప్రాణమే ఆయనకి లెక్కలేదు.

కిందటి నెల డ్రైవరు అమ్మన్న కర్గీ రోడ్ ఊరికి పోయే దారిలో, వాలు మీద బ్రేకు పడక చెట్టుకి గుద్దుకుని పోయాడు. పెడలు అడుగుదాకా దిగిపోతోంది, ఇవాళ వద్దని ఆ పొద్దున్నే మొత్తుకున్నాడు. శంకరరావు వినలేదు. మనిషి పోయాక కారు బాగుచేయించుకుని, అతనే తాగి నడిపాడని ఊరంతా చెప్పాడు. కల్లు వాసన కూడా గిట్టనివాడు అమ్మన్న. అతని పెళ్ళాం మంగాయమ్మని తానిచ్చిన గదిలోంచి శంకరరావు వెళ్ళగొడితే, పోలయ్య భార్య తమ క్వార్టరుకి తీసుకొచ్చింది.

పోలయ్యకి ఇంకో సంగతి తెలుసు. బజార్లో బ్రేకు నూనె దొరకనప్పుడు, ఏ నూనైనా నూనేగా, షెడ్డులోది పట్టుకురా అన్నాడు శంకరరావు. రైలింజన్లకి పోసే నల్లనూనె సీసాలో తెచ్చి స్వయంగా పోసింది పోలయ్యే. ఇన్నేళ్ళు షెడ్డులో ఇనుముతో బతికినవాడు. ఆ నూనె తగిలితే కారు బ్రేకుల్లో రబ్బరు ఉబ్బి పాడవుతుందని, అమ్మన్న పోయాక చక్రాలు విప్పితేగాని అతనికి తెలియలేదు.

కారు పాకలో లాంతరు వెలుగుతోంది. శంకరరావు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"రబ్బర్లు పోయినాయి బాబూ. అవి మార్చకపోతే బ్రేకు గొట్టాల్లోంచి ఎంత గాలి తీసినా పెడలు గట్టిపడదు."

"అచ్ఛా, ముందు గాలి తియ్యి. స్టేషనుకి వెళ్ళాలి. రేపు ఠాణాలో నిన్నడుగుతారు. బ్రేకులు బాగానే ఉన్నాయి, అమ్మన్నే తాగున్నాడని చెప్పు. లేదా, షెడ్డు నూనె ఎవడెత్తుకొచ్చాడో నేను చెప్పాల్సొస్తుంది."

ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. ఇద్దరు ఆడాళ్ళు వీధిన పడతారు. పోలయ్య కోపం దిగమింగుకుని కారు కిందికి దూరాడు.

గాలి తీయడం ఒక్కడి పని కాదు. ఒకడు సీట్లో కూర్చుని పెడలు తొక్కిపట్టాలి. రెండోవాడు కింద పడుకుని, చక్రం వెనక ఉండే చిన్న మర, నిపిల్, తిప్పి, గాలి బయటికి పోయాక బిగించాలి. కిందవాడు "వదిలీ" అనేదాకా పైవాడు కాలు తీయకూడదు. ఇన్నాళ్ళూ పైన అమ్మన్న, కింద పోలయ్య. చెప్పకుండా అమ్మన్న ఒక్కనాడూ కాలు తీయలేదు.

"ఎక్కి తొక్కండి బాబూ."

పైన సీటు కిర్రుమంది. కారు కొంచెం కుంగింది. నిపిల్ తిప్పితే బుడగలతో నల్లనూనె అరచేతిలోకి కారింది. ఎందుకో గోరువెచ్చగా ఉంది.

"వదిలేయండి."

ఒక చక్రం అయింది. రెండోది, మూడోదీ అయ్యాయి. శంకరరావుకింత ఓపిక ఎప్పుడొచ్చిందా అనుకున్నాడు పోలయ్య. వాన వాసనలోంచి ఆముదం వాసన తేలి వచ్చింది. అమ్మన్న తలకి అదే రాసుకునేవాడు...

నాలుగో చక్రం దగ్గర అలవాటు కొద్దీ నోరు జారింది.

"తొక్కు."

పైనుంచి గుసగుసగా...

"పట్టీసినాను."

అది అమ్మన్న గొంతు. చేతులు వాటంతటవే నిపిల్ బిగించాయి. బయటికి పాకి చూశాడు. సీట్లో ఎవరూ లేరు. పెడలు మాత్రం సన్నగా వణుకుతోంది.

శంకరరావు వరండాలోంచి టీ గ్లాసు దించుతూ అరిచాడు. "టీ తాగొస్తానన్నాను, వినపళ్ళేదా? ఇంకా మొదలెట్టలేదా?"

పోలయ్య పెడలు కేసే చూస్తున్నాడు. "వదిలీ" అనాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది.

శంకరరావు వచ్చి ఎక్కి పెడలు తొక్కాడు. "రాయిలా ఉంది కదరా. రబ్బర్లు పోయాయంటావేం?"

చెడిన రబ్బర్లతో ఆ పెడలు గట్టిపడదు. పట్టుకున్నది నూనె కాదని పోలయ్యకి అర్థమైంది. ఎక్కొద్దు బాబూ, దిగిపోండి అనబోయాడు.

"ఆ తాగుబోతు పెళ్ళాన్ని కూడా మీ ఇంట్లోంచి తరిమెయ్. మొగుడి చావు పేరు చెప్పుకుని అడుక్కుంటోంది."

పోలయ్యకి ఒళ్ళు మండిపోయింది. అనబోయిన మాట మింగేశాడు.

కారు గేటు దాటింది. మలుపు దగ్గర బ్రేకు బాగానే పడింది. అక్కడినుంచి దారి అర్పా నది వైపు వాలుగా దిగుతుంది. పోలయ్య వానలోకొచ్చి నిలబడ్డాడు. వెనక దీపం వాలు మీదికి మళ్ళేదాకా చూశాడు.

"వదిలీ," అన్నాడు, మెల్లగా.

బ్రేకు చప్పుడు వినపడలేదు. కాసేపటికి నీళ్ళ చప్పుడు వినపడింది.

పొద్దున కూలీలు తాళ్ళేసి కారుని ఒడ్డుకి లాగారు. శంకరరావు కుడికాలు ఇంకా పెడలు మీదే ఉంది, అడుగుదాకా తొక్కి. పోలయ్య ఠాణా వాళ్ళకి చెప్పాడు, అమ్మన్న పోయిన రోజూ తప్పుడు నూనెకి రబ్బర్లు చెడి బ్రేకులు లేవు, అతను చుక్క తాగలేదు అని. మంగాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పోలయ్యకి గుండెల మీది బరువు దిగినట్టయింది.

"ఆ పాడు నూనె ఎవరు పోశారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆ బాబే ఎక్కడో తెచ్చి పోసుకున్నాడండి," అన్నాడు పోలయ్య. కాదనడానికి ఇంకెవరున్నారు?

ఓసారి కింద దూరి బ్రేకులు చూడమన్నారు ఠాణా వాళ్ళు. శవాన్ని తీసేశాక పోలయ్య కారు కిందికి పాకాడు. బురద వాసన, దాని వెంటే ఆముదం వాసన... అందరూ దూరంగా చెట్టు కింద ఉన్నారు.

పైన ఖాళీ సీటు కిర్రుమంది. కారు మెల్లగా కుంగి, అడుగు ఇనుము అతని రొమ్ముకి ఆనింది.

"పోలయ్యా... నూనె ఎవులు పోసినారు?"