పదిహేడో నంబరు గడ్డి

దేవకృపను చంపినవాళ్లు చప్పుడు చేయలేదు. మారేడ్‌పల్లిలోని తన ఇంట్లో, మధ్యాహ్నం భోజనం అయ్యాక తాగిన టీతోనే ఆమె ప్రాణం పోయింది. డాక్టరు గుండెపోటని రాశాడు. పదకొండు రోజుల తరువాత ల్యాబ్ రిపోర్టు విషమని తేల్చింది.

ఆ రిపోర్టును చీఫ్ హరికిషన్ బల్ల మీదుగా ఇవతలికి జరిపాడు. ఏజెంట్ సామ్యూల్ దాన్ని తెరవలేదు. పోయింది అతని అక్క.

"ఈ కేసు నీకివ్వకూడదు. కానీ ఆ ఇల్లు తెలిసినవాడివి నువ్వే," అన్నాడు చీఫ్.

"చెప్పండి సర్."

"మీ అక్క పన్నెండేళ్లు పనిచేసింది ఎనర్జీ గ్రాస్ మీద. బొగ్గుకు బదులు బాయిలర్లలో మండించే గడ్డి. అందులో పదిహేడో నంబరుది ఆరు నెలలు చుక్క నీరు లేకపోయినా చావదు. బీడు నేలల్లో ఇంధనం పండుతుంది. ఒక విదేశీ ముఠా దాని కోసం దిగింది. రెండు కణుపులున్న ముక్క దొరికితే చాలు, నాటుకుంటారు. ఇక్కడున్నదాన్ని చంపేస్తారు. అప్పుడు మన గడ్డిని మనమే వాళ్ల దగ్గర కొనుక్కోవాలి."

"ఇంకెక్కడా లేదా?"

"లేదు. పెరట్లో రెండు మళ్లున్నాయి, అసలుది ఒక్కదాంట్లోనే. అనుమానమొచ్చి, చనిపోయే ముందు రోజే ఆమె బోర్డులు పీకేసింది. నోట్‌బుక్ కాల్చేసింది. ఏది ఏదో నీకు చెప్పే ఉంటుంది."

చెప్పే ఉంటుంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక అక్క ఇంట్లోనే భోజనం. ఆమె గడ్డి కబుర్లు చెబుతూ వడ్డించేది. అతను ఫోన్ చూసుకుంటూ "ఊఁ" కొట్టేవాడు. ఒక్క మాటైనా గుర్తులేదు. ఆ సంగతి చీఫ్‌కు చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు ఉదయం బన్సీలాల్‌పేట్ మెట్లబావి దగ్గర కల్పలత కలిసింది. చిలకపచ్చ పట్టుచీర, నల్లకళ్లద్దాలు. బావి చూడడానికొచ్చినవాళ్లు బావిని వదిలేసి ఆమెనే చూస్తున్నారు.

"మెట్లెన్నో లెక్కపెట్టారా?" అంది.

"దిగేటప్పుడు ఒక లెక్క, ఎక్కేటప్పుడు ఒక లెక్క," అన్నాడు సామ్యూల్. కోడ్ కుదిరింది.

ఆమె రెండేళ్లుగా ముఠాలో మన మనిషి. "ఈరోజు నాలుగింటికి వస్తున్నారు. మూడింటికల్లా ఇంట్లో ఉండు. ఒక్కడివే," అని చెప్పి వెళ్లిపోయింది.

మూడింటికి బోరు మోటారు మెకానిక్ వేషంలో, పెట్టుడు మీసంతో సామ్యూల్ గేటు తీశాడు. తోటపని చేసే శ్యామలమ్మ చీపురు ఆపి చూసింది.

"ఏంది సామ్యూల్ సారూ, గా మీసమేంది? దసరా ఏషమా?"

అతను మీసం తడుముకున్నాడు. పెరట్లో ఒక మడి భుజాలదాకా పచ్చగా ఊగుతోంది. రెండోది మే నెల ఎండకు బూడిదరంగుకు తిరిగింది.

"సారూ, గా మడి ముచ్చట అమ్మ నాకు..."

"తర్వాత చెబుదువుగాని. ముందు నువ్వు ఇంటికెళ్లు. ఇక్కడ ప్రమాదం."

"మీరెన్నడు ఇన్నరు గనుక," అని గొణుక్కుంటూ ఆమె వెళ్లింది.

నాలుగింటికి కల్పలతే వచ్చింది, చేతిలో సైలెన్సర్ తుపాకీతో. వెనక స్ప్రేయర్ మోస్తూ ఒక విదేశీయుడు. సామ్యూల్ వాచీలోని ఎమర్జెన్సీ బటన్ నొక్కాడు. చెవిలో బ్యాకప్ టీమ్ గొంతు సన్నగా పలికింది: "బోయిగూడలో ట్రాఫిక్ సర్. ఇరవై నిమిషాలు."

రెండు నిమిషాల్లో అతన్ని వరండాలో కుర్చీకి కట్టేశారు.

"ఏ మడి?" అంది కల్పలత.

"నాకు తెలియదు."

"అక్క చెప్పలేదా?"

"చెప్పింది. నేను వినలేదు."

ఆమె నవ్వింది. ఆ నిజాన్ని నమ్మలేదు. అతని గడ్డం పట్టుకుని ముఖం పెరటివైపు తిప్పింది. సామ్యూల్ కళ్లు మూసుకోవాలనుకున్నాడు. కానీ వాటంతటవే పచ్చమడి మీద వాలాయి. ఆరు నెలలు నీళ్లు లేకపోయినా బతికేది ఇదే కాక మరేది? ఆమెకు అంత చాలు.

"థాంక్స్," అంది.

విదేశీయుడు పచ్చటి కాడల్ని కణుపుల లెక్కన కోసి పెట్టెలో సర్దాడు. తరువాత రెండు మళ్లూ తడిసేలా కలుపు మందు కొట్టాడు. కుర్చీలోంచి సామ్యూల్ అంతా చూశాడు. అక్క పన్నెండేళ్ల పనిని తన కళ్లే పట్టిచ్చాయి. అరిచాడు, పెనుగులాడాడు. తాడు ఇంకా బిగిసింది.

వెళ్లబోతూ కల్పలత ఆగింది. ఎండిన మడి దగ్గర వంగి, ఒక దుబ్బు పట్టుకుని కత్తి ఆనించింది. "ఎందుకైనా మంచిది, ఇది కూడా..."

బయట కారు హారన్ మోగింది. ఫ్లైటుకు టైమైంది. ఆమె దుబ్బు వదిలేసి చేతులు దులుపుకుంది.

"నన్ను చంపవా?" అన్నాడు సామ్యూల్.

"ఒకే ఇంట్లో రెండో గుండెపోటంటే ఆ డాక్టరు కూడా నమ్మడు."

కట్లు విప్పింది బ్యాకప్ టీమ్ కాదు, గోడ అవతల నక్కి ఉన్న శ్యామలమ్మ.

"అంతా అయిపోయింది," అన్నాడతను. "పదిహేడో నంబరు పట్టుకుపోయారు."

"గదా? గది బర్రెల గడ్డి సారూ! పోల్చి చూస్తందుకు అమ్మ పక్కన పెట్టింది. వారం వారం ఇంత కోసి మా బర్రెలకు నేనే ఏస్త. అసలుది గీ ఎండింది."

సామ్యూల్ గబగబా మడి దగ్గరికి వెళ్లాడు. ఆకుల నుంచి మందు కారుతోంది. "దీని మీదా మందు పడింది కదమ్మా."

"పడితేంది? ఇది నలభై దినాల సంది నీళ్లు లేక పండుకున్నది. ఆకు సూది లెక్క సుట్టుకుంటది, సత్తువంత ఏళ్లల్ల దాసుకుంటది. ఎండకాలం కలుపుకు మందు కొడితే సస్తదా? తాగెటోడు మెలకువుంటే గద సచ్చేది."

ఈసారి అతను ప్రతి మాటా విన్నాడు. ఆమె చెప్పినట్లే మందు పడిన ఆకులు కోసి దూరంగా పారేసి, మొదళ్లకు నీళ్లు పెట్టాడు. ఆ తరువాత చేయగలిగిందేమీ లేదు. కల్పలతను ముఠా వెనకున్న దేశం ఇచ్చిన డిప్లొమాటిక్ పాస్‌పోర్టు కాపాడింది. విషం కేసు ఫైలు మూతపడింది. సామ్యూల్ రోజూ వచ్చి ఆ మోళ్ల ముందు కూర్చున్నాడు.

తొమ్మిదో రోజు నేలలోంచి సూదిమొనంత ఆకుపచ్చ పైకొచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పాలనుకున్న మనిషి ఒక్కరే.

నెల తరువాత చీఫ్ అతనికి ఒక విదేశీ పత్రిక చూపించాడు. అందులో ఒక మంత్రిగారు ఎడారిలో గడ్డి ముక్కలు నాటుతున్నారు. పక్కన కల్పలత, మెడలో పతకం.

"వాళ్లకు నిజం తెలిస్తే ఏంచేస్తారు సర్?"

హరికిషన్ పత్రిక మడిచాడు.

"ఏముంది, మన బర్రెల కోసం ఇంకో ముఠాను పంపిస్తారు."